నాలుగో గుడ్డ

మా కారుకు 12 ఏళ్ళు నిండాయి. మూడు సిలిండర్ల చిన్న ఇంజను. గత వర్షాకాలం నుంచి దానికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఇంజను వణికేది, ఒక్కోసారి ఆగిపోయేది. దూరప్రయాణం చేసి వచ్చిన రోజున మాడిన నూనె వాసన లోపలికి వచ్చేది. పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఇంజను పైభాగమంతా విప్పాలనీ 14,000 రూపాయల దాకా కావచ్చనీ చీటీ రాసిచ్చారు.

ఆ చీటీని దస్తర్‌ఖాన్ దగ్గర చదువుతుండగా మా అబ్బా విన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు 74వ ఏట గుంటూరులో మా వద్ద ఉంటున్నారు. రెండేళ్ళుగా ఆయనను మరపు వేధిస్తోంది. నమాజులో ఎన్ని రకాతులయ్యాయో తడబడతారు. మందు వేసుకుని, పది నిమిషాలకే మందు ఇవ్వలేదేమని అడుగుతారు. డాక్టరు దానికొక పెద్ద పేరు చెప్పారు గానీ, ఇంట్లో మేమెవరమూ ఆ పేరు పలకము.

“ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది. థ్రాటిల్‌లో మసి పేరుకుంది. దీనికి పద్నాలుగు వేలా? ఆదివారం నువ్వూ నేనూ చేద్దాం బేటా” అన్నారు అబ్బా. బానెట్ ఎత్తి చూడకుండానే అన్నారు. ఆ మాటలో తడబాటు లేదు.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి వెనుక పాత అప్పు ఒకటి ఉంది. చిన్నప్పుడు ఆయన నల్లటి గోళ్ళను చూసి సిగ్గుపడేవాణ్ణి. బడికి వస్తే గేటు బయటే ఉండమనేవాణ్ణి. జుహర్ వేళకు ఆయన కిరోసిన్‌తోనూ, రంపపు పొట్టు కలిపిన సబ్బు పొడితోనూ చేతులు అరగంట తోముకునేవారు. గ్రీజు పొర కింద నీరు చర్మానికి తగలదనీ, వుజూ పూర్తికాదనీ ఆయన బెంగ. నేను అధ్యాపకుణ్ణయ్యాను. నా చేతికి ఏనాడూ పానా తగలలేదు.

ఆదివారం ఉదయం, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాము. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించారు. గాలి గొట్టం తీయగానే థ్రాటిల్ బాడీ నోరు కనబడింది. లోపల రూపాయి బిళ్ళకన్నా పెద్దదైన ఇత్తడి రంగు రేకు, దాని అంచు చుట్టూ కాటుకలాంటి మసి.

“ఇంజను అడుగు నుంచి లేచే చమురు ఆవిరిని మళ్ళీ గాలి దారిలోకే పంపుతారు. అది దుమ్ముతో కలిసి ఇక్కడ అంటుకుంటుంది” అన్నారు అబ్బా. కాలు తీసినప్పుడు ఆ రేకు దాదాపు మూసుకునే ఉంటుందట. అప్పుడు గాలి వెళ్ళేది వెంట్రుక మందం సందులోంచే. ఆ సందులో మసి చేరితే ఇంజనుకు ఊపిరాడదు. సిగ్నలు దగ్గర వణుకు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

క్లీనర్ మందును నేరుగా చల్లబోతే ఆపారు. గుడ్డ మీద చల్లి, ఆ గుడ్డతోనే తుడవమన్నారు. ద్రవం కారి పక్కనున్న విద్యుత్ భాగాల్లోకి దిగితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. కొత్త కార్లలో ఆ రేకును మోటారు తిప్పుతుంది గనుక వేలితో బలవంతంగా నెట్టకూడదని కూడా చెప్పారు. ఆటోనగర్ విడిచి ఇన్నేళ్ళయినా ఆయనకు ఇవన్నీ ఎలా గుర్తున్నాయో!

తర్వాత ట్యాపెట్ కవర్. బోల్టులు విప్పి కవరు ఎత్తగానే, చమురులో మెరుస్తున్న క్యామ్ దండాలు, ఒక చివర గొలుసు బయటపడ్డాయి. పాత ప్యాకింగ్‌ను వంచితే పుటుక్కున విరిగింది. కొత్తది వేలికి చుట్టుకుంది. వేడికి రబ్బరు ఏళ్ళ తరబడి ఉడికి గట్టిపడితే చమురు ఊరుతుంది. అది కాగిన ఎగ్జాస్ట్ గొట్టం మీద పడి మాడుతుంది. వాసన అదే. స్పార్క్ ప్లగ్గుల గుంతల్లో కూడా చమురు నిలిచి ఉంది. అక్కడి గుండ్రటి రబ్బర్లనూ మార్చాము.

తెరిచిన ఇంజనులో చెత్త పడకుండా పరచడానికి శుభ్రమైన గుడ్డలు అడిగారు. ఇచ్చే ముందు లెక్కపెట్టమన్నారు. “నాలుగు” అన్నాను. “గుర్తుంచుకో. పెట్టేటప్పుడు ఎన్నో, తీసేటప్పుడు అన్నే.” అప్పుడే తన పదిహేనేళ్ళ వయసు నాటి సంగతి చెప్పారు. ఒక లారీ ఇంజనులో ఆయన గుడ్డ మరచిపోయారట. తప్పు తనదేనని ఒప్పుకుంటే ఉస్తాద్ కొట్టలేదట, లెక్క నేర్పారట. ఆ కథను అరగంటలో రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ విన్నాను.

అల్యూమినియం మీద గీత పడకూడదని ఇనుప పనిముట్టు ముట్టనివ్వలేదు. పాత ఏటీఎం కార్డుతో అంచులు గీకాను. గొలుసు కవరు హెడ్డుతో కలిసే రెండు మూలల్లో మాత్రం చిటికెడు సిలికాన్ పూయించారు. ఎక్కువ పూస్తే పిండుకుని లోపలికి రాలుతుందట. కొత్త ప్యాకింగ్ కూర్చి కవరు పైకెత్తాను. గుడ్డలన్నీ అబ్బాయే తీసి గోడ మీద వేశారు. అలవాటుగా అటు చూశాను. మూడే ఉన్నాయి.

“అబ్బా, ఇంకొకటి ఉండాలి కదా?”

“నువ్వు ఇచ్చిందే మూడు.”

“నాలుగు ఇచ్చానేమో...”

“నాకు మతి పోయిందంటావా?” అన్నారు. ముఖం ఎర్రబడింది. చేతిలోని పానా వణుకుతోంది. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడిపోయింది.

ఆ గుడ్డ గొలుసులో చిక్కుకుంటే ఇంజను పోతుంది. నేనే వంగి వెతికి తీయవచ్చు, నిమిషం పని. కానీ తన ఇంజనులో తన కొడుకు తన తప్పును బయటికి లాగడం ఆయన చూడాలి. కవరును పక్కన పెట్టాను.

“అబ్బా, ఆ లారీ సంగతి మీరు పూర్తిగా చెప్పలేదు. గుడ్డ చివరకు ఎక్కడ దొరికింది?”

“ఛాంబర్‌లో. చమురు జల్లెడకు అడ్డం పడింది. పైన గేర్ల పక్కన సందులో కుక్కాను, అక్కణ్ణుంచి జారి...”

ఆగిపోయారు. నా వైపు చూడలేదు. మెల్లగా ఇంజను చివరకు నడిచి, కళ్ళద్దాలు సర్దుకుని, గొలుసు సందులోకి వంగి రెండు వేళ్ళు పెట్టారు. తడిసిన గుడ్డ కొస పట్టుకుని బయటికి లాగారు. దాన్ని మిగతా మూడింటి పక్కన పరిచి, వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టారు.

“నాలుగు. నేను చెప్పలేదూ?” అన్నారు.

“చెప్పారు అబ్బా” అన్నాను.

బోల్టులు నేనే బిగించాను. మధ్య నుంచి బయటికి, ఒకదాని తర్వాత ఎదురుగా మరొకటి, రెండు మూడు విడతల్లో. ఇలాంటి చిన్న బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ చాలు. అబ్బా భాషలో అయితే “పిడికిలితో కాదు, వేళ్ళతో.” ఒకచోట ఉత్సాహపడి అదనంగా తిప్పబోతే మణికట్టు మీద ఒకటి వేశారు. 46 ఏళ్ళ వయసులో తిన్న ఆ దెబ్బకు మా పిల్లలు చాలాసేపు నవ్వారు.

సిలికాన్ ఆరడానికి సాయంత్రం దాకా ఆగాము. అస్ర్ తర్వాత తాళం తిప్పితే ఇంజను కాసేపు గట్టిగా గుంజి, నెమ్మదిగా సర్దుకుంది. అబ్బా బానెట్ మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. కవరు అంచున పొడి గుడ్డతో తుడిచి చూస్తే మరక లేదు. ప్యాకింగ్‌కూ మందుకూ కలిపి 1,150 రూపాయలయ్యాయి.

కుళాయి దగ్గర ఇద్దరమూ చేతులు తోముకున్నాము. నా గోళ్ళలో నలుపు పూర్తిగా పోలేదు. ఆయన నా చేయి పట్టుకుని, సబ్బు పొడి వేసి, చిన్నపిల్లవాడికి తోమినట్టు తోమారు.

ఇషా తర్వాత పడుకోబోతూ పిలిచారు.

“బేటా, గుడ్డలు లెక్కపెట్టావా?”

ఆయనను నడిపించుకుని పెరట్లోకి తీసుకువెళ్ళి లైటు వేశాను. ఉతికి తీగ మీద ఆరవేసిన గుడ్డలను ఆయనే లెక్కపెట్టారు.