సదిశ అంటే వెక్టరేనా?

కాలేజీలో చేరిన కొత్తలో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ ఊరు?". రెడ్డిగూడెం అంటే "అదెక్కడ?" అంటారు. తిరువూరు అన్నా తెలియకపోతే "మైలవరం దాటాక" అంటాను. మామిడి తోటల సంగతి ఎత్తితే మాత్రం "ఓ, నూజివీడు రసాలా!" అని నవ్వుతారు. రెండో ప్రశ్న "ఏ మీడియం?". అక్కడే నా గొంతు తగ్గేది.

ఇంటర్ దాకా నాది తెలుగు మీడియమే. ఎంసెట్ ప్రశ్నలు కూడా తెలుగులో కనిపిస్తాయి కాబట్టి సీటు వచ్చేవరకు ఏ ఇబ్బందీ తెలియలేదు. తెలుగులోనూ ఇంజినీరింగ్ చెప్పుకోవచ్చని 2021లోనే ఏఐసీటీఈ అనుమతిచ్చింది గానీ, మన క్లాసులో మాత్రం అంతా ఇంగ్లీషే. మెస్ పప్పు, బాత్రూమ్ దగ్గర క్యూ, బట్టలు ఉతుక్కోవడం, ఇవన్నీ పది రోజుల్లో అలవాటైపోయాయి. క్లాసు అలవాటు కాలేదు.

బోర్డు మీద లెక్క చూస్తే చేసేదాన్ని. సార్ చెప్తుంటే వింటే మాత్రం అర్థమయ్యేది కాదు. నాకు అవకలనం తెలుసు, డిఫరెన్షియేషన్ తెలియదు. జడత్వం తెలుసు, ఇనర్షియా తెలియదు. మా ఇంటర్ పుస్తకాల్లో ఇంగ్లీషు మాట పక్కనే బ్రాకెట్లో ఉండేది. దాన్ని ఎప్పుడూ పైకి చదవలేదు, అంతే.

అన్నిటికంటే బాధ పెట్టింది ఒకటుంది. ఇంటర్లో డౌటు వస్తే టక్కున లేచి అడిగేదాన్ని. ఇక్కడ డౌటును ఇంగ్లీషులో కూర్చుకునేలోపు రెండు స్లైడ్లు దాటిపోయేవి. నెమ్మదిగా డౌట్లు రావడమే మానేశాయి.

మా గదిలో మూడో మంచం అమ్మాయిదీ తెలుగు మీడియమే. కెమిస్ట్రీ లెక్కలు నాకంటే వేగంగా చేసేది. దసరా సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. నెల తర్వాత వాళ్ల నాన్నగారు వచ్చి ట్రంకు పెట్టె తీసుకెళ్లారు. ఆ రాత్రి నేనూ ఇంటికి ఫోన్ చేసి "డిగ్రీలో చేరిపోతాను నాన్నా" అన్నాను. "అంటు నాటిన మొదట్లో పూత వస్తే మనమే తుంచేస్తాం కదమ్మా, నిన్ను అప్పుడే కాయలెవరు అడిగారు?" అన్నాడు నాన్న. మాట బాగానే ఉంది, కానీ మిడ్ పరీక్షకు అది చాలదు కదా!

పక్క గదిలో సెకండియర్ అక్క ఒక దారి చెప్పింది. పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు క్లాసులో విన్న మాట, కుడివైపు నాకు తెలిసిన మాట రాయమంది. డిటర్మినెంట్ – నిర్ధారకం. పొటెన్షియల్ డిఫరెన్స్ – విభవాంతరం. సెమీకండక్టర్ – అర్ధవాహకం. "వెక్టర్ అంటే సదిశేనా అక్కా?" అని అడిగి మరీ రాసుకున్నాను. రాస్తూ పోతే నాకు తెలియనివి అనుకున్న వాటిలో సగానికి పైగా తెలిసినవే.

మాత్రికల్లో ఐగెన్ వెక్టర్ వచ్చినప్పుడు తమాషా జరిగింది. ఐగెన్ ఇంగ్లీషు మాటే కాదు, జర్మన్ మాట. 'సొంత' అని అర్థం. అంటే ఆ రోజు సీబీఎస్ఈ వాళ్లూ నేనూ ఒకటే! మాత్రికతో గుణించినా తన గీత విడిచిపోని సదిశ అది, పొడవు మాత్రం మారొచ్చు. వెక్టర్ అన్న మాటలో దిశ కనిపించదు, సదిశలో కనిపిస్తుంది. అందుకే నాకు త్వరగా పట్టుబడింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన రూమ్మేట్‌కి ఆ సాయంత్రం నేనే చెప్పాను.

మర్నాడు క్లాసులో లేచాను. "సార్, ఐగెన్ వాల్యూ మైనస్ వస్తే డైరెక్షన్ తిరగబడుతుంది కదా, మరి మారదని ఎలా అంటాం?" సగం తెలుగే. సార్ ఆగి, గీత అదే, అటు బదులు ఇటు చూస్తుందని బొమ్మ వేసి చూపించారు. వెనక బెంచీ నుంచి "నాకూ అదే డౌటు సార్" అని వినిపించింది.

ఇప్పుడు ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తున్నానని కాదు. ల్యాబ్ వైవాలో ఇంకా తడబడతాను. కానీ డౌట్లు మళ్లీ వస్తున్నాయి, అది చాలు. ఆ పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి మూడో మంచం అమ్మాయికి పంపాను. తను ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గర బీఎస్సీలో ఉంది. ఇంటిగ్రేషన్ పేజీ సరిగ్గా పడలేదు, మళ్లీ పంపమంది.

అసలు పుస్తకం మన క్లబ్ అల్మారాలో ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చే చెల్లెళ్లూ తమ్ముళ్లూ తీసుకోండి. మీ మాటలు కూడా రాయండి, వెనక ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.