నలువది దినముల హోటలు భోజనము

పరాన్నభోజనము చేయరాదని చిన్ననాడు మా తాతగారి యొద్ద నేర్చుకొంటిమి. ఊరు కదలినప్పుడెల్ల పులిహోరయో, అటుకులో మూటగట్టుకొని పోయి యా నియమమును చిరకాలము కాపాడుకొంటిమి. 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మావారికి గుండె బలహీనమై, పాదములు వాచి, చికిత్సకై వేలూరు పోవలసి వచ్చెను. పది దినములలో మరలి వత్తుమనుకొన్నవారము నలువది దినము లచటనే యుంటిమి. బసలో పొయ్యి వెలిగింపరాదని కట్టడి. కావున వీధి మొగనున్న హోటలే మాకు గతియయ్యెను.

వేలూరు తెలుగువారికి క్రొత్తయూరు కాదు. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా వేఱుపడు వఱకు ఈ రెండూళ్ళును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. నేటికిని ఆ వీధులలో తెలుగుమాట వినబడుచునే యుండును. అయినను అరటియాకు ముందు కూర్చున్నప్పుడు పొరుగుదేశమని తెలియును. మనము పప్పు, పచ్చళ్ళతో మొదలుపెట్టుదుము. వారు సాంబారుతో నారంభించి, రసముతో నడిపి, మజ్జిగతో ముగింతురు. ఆ ప్రాంతమున తొడిమకు ముండ్లుండు వంకాయ యొకటి కలదు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. నూనెలో మ్రగ్గించిన యా కూర తిన్ననాడు, మా వంటను నలపాకమని మెచ్చుకొనిన బంధువుల మాటలు తలచి కొంత సిగ్గుపడితిమి.

రుచికి లోటులేదు, చిక్కు ఉప్పుతో వచ్చినది. ఆరోగ్యవంతులైనను దినమునకు 5 గ్రాముల కంటె తక్కువ యుప్పే తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అది యొక చిన్న చెంచాడు మాత్రమే. మావారికి వైద్యులు అంతకంటెను తగ్గించిరి. ఉప్పు ఒంటిలో నీటిని నిలుపును. ఆ భారము మోయలేక బలహీనమైన గుండె యలసిపోవును. సైంధవ లవణమైనచో దోషము లేదని మేమనుకొనుచుంటిమి. అదియు నుప్పేయని వైద్యులు మందలించిరి. హోటలులో సాంబారున నుప్పు, రసమున నుప్పు, అప్పడమున నుప్పు, తుదకు మజ్జిగలోను ఉప్పే! నాలుగు దినములలో మావారి బరువు రెండు కిలోలు హెచ్చెను. తగ్గిన వాపు మరల పొంగెను.

ఐదవనాడు హోటలు యజమానుని కడకు బోయి మొఱపెట్టుకొంటిమి. ఆయన మర్యాదగనే, "అమ్మా, మున్నూరు మందికి ఒక్కటే అండా. ఒక్కరి కోసం వేరే పొయ్యి ఎట్ల పెట్టేది?" అనెను.

ఆ మాట విని కోపము రావలసినది. రాలేదు, తల వంగిపోయెను. ఏలయన, అది మా మాటయే. మా యత్తగారికి రక్తపుపోటు వచ్చి, చప్పిడి పప్పు వేఱుగ వండుమని యడిగినప్పుడు, "అత్తయ్యా, ఒక్కరి కోసం వేరే పొయ్యి ఎక్కడ పెట్టేది?" అని మేమును అంటిమి. ఆమె మరల నడుగలేదు. అందఱితోబాటు అదే పప్పు తిని, మూడేండ్లకు కాలము చేసెను. మా వంటవలననే యని యెవరును అనలేదు. అనకపోయినను మాకు తెలియును, ఆమె యడిగినది మేము పెట్టలేదని.

గుమ్మము నొద్ద కూరలు తరుగుచున్న యొక పెద్దామె మా సంభాషణ వినెను. కత్తిపీట విడువకయే, "పొయ్యెందుకమ్మా? ఉప్పేసే ముందర గరిటెడు తీసి పక్కన పెట్టేస్తే సరిపోయె గదా! అయ్యవారికి నేను తీసి పెడతా లే" అనెను.

నాటినుండి ముప్పదియాఱు దినములు, ఉడికిన కందిపప్పు గరిటెడు, ఉప్పు వేయని కూర పిడికెడు ఒక చిన్న గిన్నెలో మూతపెట్టి యుంచెడిది. అన్నము వార్చునప్పు డెట్లును ఉప్పు వేయరు. పెరుగు చప్పనిదే దొరకును. నిమ్మచెక్క పిండి, మిరియపు పొడి చల్లుకొని మావారు తినెడివారు. మొదట ముఖము చిట్లించిరి. పదునైదు దినములకు నాలుక యలవాటుపడెను. వాపు తీసెను. బయలుదేరునాడు ఆమె చేతిలో కొంత సొమ్ము పెట్టబోగా, "పప్పు హోటలుది గదమ్మా, నాదేముంది?" అని చేతులు వెనుకకు దీసికొనెను. రెండు చేతులెత్తి మ్రొక్కితిమి.

సోదరీమణులారా! గొప్ప వంటలు నేర్పుటకు ఇది వ్రాయలేదు. ఇరువది యేండ్లు పొయ్యి ముందు నిలిచియు, ఇతరుల చేతివంట నలువది దినములు తినువఱకు ఇంత చిన్న సంగతి మాకు తోచలేదు. ఇప్పుడు మా యింట ఉప్పుడబ్బా మూత తీయకముందే చిన్నగిన్నె పొయ్యి ప్రక్కకు వచ్చును. అది మావారిది. మీ యింట పెద్దవారెవరైన చప్పిడి యడిగినచో, వారు రెండవసారి అడుగువఱకు ఉండకుడు. మా యత్తగారు రెండవసారి అడుగలేదు.