మట్కా కాదు నాన్నగారూ!

ముప్ఫయ్యేళ్ళు లెక్కల మాష్టారుగా పనిచేసినవాడికి తన లెక్క తప్పిందని ఒప్పుకోవడం కష్టం. నా లెక్క ఒకటి 1996లో తప్పింది. ఆ సంగతి నాకు తెలిసింది 2025 సంక్రాంతికి.

1996 వేసవిలో మా అబ్బాయి కాకినాడలో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు కపిలేశ్వరపురం వచ్చాడు. వాడు గౌతమి రేవుకు స్నానానికి వెళ్ళిన సమయంలో, వాడి పెట్టెలో ఒక నోటుబుక్కు కనబడింది. పాఠాలేమైనా రాసుకున్నాడేమో చూద్దామని తెరిచాను. పేజీల నిండా అంకెలు! 175.2, 145.0 అని ఒకచోట. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. పక్కపక్కన నోరు తిరగని పేర్లు. పుస్తకం పొడుగునా ఇదే వరస.

మట్కా పిచ్చి ఎన్ని కొంపలు కూల్చిందో మీలో పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నాకు ఒళ్ళు మండింది. పెరట్లో వేణ్నీళ్ళ పొయ్యి కూడా మండుతోంది. నోటుబుక్కు తీసుకెళ్ళి అందులో పెట్టేశాను.

వాడు తడిబట్టలతో వచ్చి పొయ్యి వంక చూశాడు. నేను అనవలసిన మాటలూ, అనకూడని మాటలూ అన్నాను. "మట్కా కాదు నాన్నగారూ" అన్నాడు వాడు. "మరేమిట్రా?" అని నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

ఆ తరువాత వాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, బెంగుళూరులో కాపురం పెట్టాడు. బుద్ధిమంతుడే. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. "ఒంట్లో ఎలా వుంది? మందులు వేసుకుంటున్నారా?" అంటాడు. రెండు నిమిషాలు. తరువాత ఫోను వాళ్ళమ్మ చేతికి వెడుతుంది. అక్కడ గంట.

మొన్న పండక్కి కోడలూ మనవడూ వచ్చారు. అబ్బాయికి సెలవు దొరకలేదట. భోగినాటి మధ్యాహ్నం, పధ్నాలుగేళ్ళ మా మనవడు అరుగుమీద కూర్చుని లాప్‌టాపులో రాకెట్లను పేలుస్తున్నాడు.

"అదేమిట్రా?" అన్నాను.

"నాన్న చదువుకునేటప్పటి ఆట తాతయ్యా. మళ్ళీ వచ్చింది."

వాడు చెప్పినది యిది. 1992లో అమెరికాలో పాల్, ఫ్రెడ్ అనే యిద్దరు మిత్రులు 'స్టార్ కంట్రోల్ 2' అనే ఆట తయారుచేశారు. 2002లో వాళ్ళిద్దరూ దాని లోపలి రాతకోతలన్నీ లోకానికి ఉచితంగా యిచ్చేశారు. పాత పేరు మీద హక్కు వేరేవాళ్ళది కావడంతో, అభిమానులు దాన్ని బాగుచేసి 'ఉర్-క్వాన్ మాస్టర్స్' అని పేరుపెట్టి నిలబెట్టారు. 2024లో అది స్టీమ్ అనే ఆటల అంగట్లోకి కూడా కానీ ఖర్చు లేకుండా వచ్చింది.

మా వూళ్ళో సర్వారాయ హరికథా పాఠశాల వుంది. హరికథలో ఒక్క మనిషే కాసేపు మాట, కాసేపు పాట, కాసేపు ఆట. ఈ ఆటా అటువంటిదే. కాసేపు యుద్ధం, కాసేపు సంభాషణ, కాసేపు సంచారం. శత్రువులు భూమిని ఎర్రని కవచంలో బంధించారు. మనం ఒక ఓడకు కెప్టెన్లం. నక్షత్రం నుంచి నక్షత్రానికి తిరిగి, చిత్రవిచిత్రమైన జీవులతో మాట్లాడి, స్నేహితులను కూడగట్టుకోవాలి.

"ఎవరు ఏ నక్షత్రం దగ్గర ఏం చెప్పారో మనమే రాసుకోవాలి తాతయ్యా, లేకపోతే దారి తప్పుతాం" అంటూ మనవడు పక్కనున్న నోటుబుక్కు చూపించాడు. మొదటి పేజీలో 175.2, 145.0 అని వుంది.

నా నోరు తడారిపోయింది. "ఇదేమిట్రా?" అన్నాను.

"సూర్యుడు తాతయ్యా. అంటే మన యిల్లు."

కాసేపాగి వాడే అన్నాడు: "నాన్న దగ్గర పెద్ద నోటుబుక్కు వుండేదట. ఎక్కడో పోయిందన్నారు."

పోయిందన్నాడట. కన్నకొడుకుతో కూడా నా పేరు చెప్పలేదు.

ఆ సాయంత్రం నేనూ ఆట మొదలుపెట్టాను. ప్లూటో దగ్గర స్పాతీ జాతివాడు ఒకడున్నాడు. పేరు ఫ్విఫో. పరమ పిరికివాడు, ఒంటరిగా కాపలా కాస్తున్నాడు. కనబడగానే కాల్చాను. వాడు పారిపోతూనే వెనకనుంచి క్షిపణులు వదిలి నా ఓడను పేల్చేశాడు.

మనవడు పడీపడీ నవ్వాడు. "ముందే కాల్చేస్తే ఎలా తాతయ్యా? అడగాలి కదా! మంచిగా మాట్లాడితే వాడు మనతో వచ్చేస్తాడు."

మళ్ళీ మొదలుపెట్టి మంచిగా మాట్లాడాను. వచ్చేశాడు.

ఆ ఆదివారం ఫోను మోగింది. "ఒంట్లో ఎలా వుంది?" అన్నాడు అబ్బాయి.

"బాగానే వుంది. ఒరే, ప్లూటో దగ్గరవాణ్ణి మచ్చిక చేసుకున్నాను. ఇప్పుడెటు వెళ్ళాలి?" అన్నాను.

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నోటుబుక్కు తగలబెట్టే ముందు ఒక్కమాట అడగవలసింది. తప్పు నాదేరా" అన్నాను.

"అది ఎప్పటి మాట నాన్నగారూ!" అన్నాడు. గొంతు మారింది. తరువాత, "దగ్గర పెన్నుందా? రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నాను. నలభై నిమిషాలు రాసుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ రెండుసార్లు తొంగిచూసి, ఆరోజు ఫోను అడగకుండా వెళ్ళిపోయింది.

మనవడు తిరిగి వెళ్ళేనాడు బజారులో మంచి అట్ట వున్న నోటుబుక్కు కొని, మొదటి పేజీలో నా చేత్తో 175.2, 145.0 అని రాసి, చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపించాను. మిగతా పేజీలు వాడి నాన్నవి.