ఫుప్పుకి ఎన్నేళ్లు?

మా ఆపా కూతురు డిగ్రీ చదువుతోంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టని 180 గంటలు జనంలో తిరగమన్నారు కాలేజీలో. ఇంకో ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని, చేతిలో సర్వే ఫారంతో మాచర్లలో మా మొహల్లాకి వచ్చింది. "మామూ, మొదట మనింట్లోనే మొదలుపెడతాం, నానీ దగ్గర" అంది. నానీ అంటే మా ఫుప్పు, అబ్బాకి అక్క. అప్పుడే జుహర్ నమాజు చదువుకుని, జానమాజు మడిచి, పాన్‌దాన్ ముందుకి లాక్కుని కూర్చుంది.

మొదటి గడిలోనే బండి ఆగింది. "నానీ, ఉమ్ర్ కిత్నీ?"

"మేరేకు క్యా మాలూం బేటా, అల్లాకు మాలూం."

ఆధార్ కార్డు తెచ్చారు. పుట్టిన తేదీ 01-01-1952. మన మొహల్లాలో పెద్దవాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు కదా! పిల్లలు అదే రాసుకున్నారు. తర్వాత నికా సంగతి అడిగితే ఫుప్పు తన లెక్క తీసింది. సాగర్ కాలువకి నీళ్లొచ్చిన సాలు మా అబ్బా ఖురాన్ ఖతమ్ చేశాడట. దానికి ఐదేళ్ల ముందు తన నికా. కుడి కాలువకి నీళ్లొదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ వచ్చి. అంటే నికా 1962లో. ఆధార్‌ని నమ్మితే ఫుప్పుకి అప్పుడు పదేళ్లు. "తౌబా! పెద్దమనిషయిన రెండేళ్లకి చేశారు నాకు" అని ఫుప్పు కసురుకుంది. పిల్లలు నవ్వి, పెన్ను పక్కన పెట్టి, ఫోన్‌లో రికార్డర్ నొక్కారు. అసలు పని అక్కడ మొదలైంది.

నేను ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. మిర్చి రైతుల్ని, క్వారీ కూలీల్ని, ఎమ్మెల్యేల్ని ఇంటర్వ్యూ చేశాను. మా ఫుప్పుని ఒక్కసారీ చేయలేదు. నాకు తెలిసిందల్లా ఆమె మర్దుడు సాగర్ డ్యామ్ మీద పనిచేశాడని, అంతే. ఆ రోజు విన్నది వేరు. ఆమే అక్కడ పనిచేసింది. సాగర్ రాతి కట్టడం. రాయి పేర్చేవాళ్లెంతమందో, రాయి అందించేవాళ్లు, మాలు తట్టలు మోసేవాళ్లు అంతమంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాక ఏళ్ల తరబడి ఆ పని సాగింది. కొత్త పెళ్లికూతురు నెత్తి మీద చున్నీని చుట్టకుదురు చేసుకుని, దాని మీద తట్ట పెట్టుకుని పలకల మీద నడిచింది. "పర్దా?" అనడిగాడు ఒక పిల్లాడు. ఫుప్పు వాణ్ని కాసేపు చూసి, "పర్దా నిగాహోఁమే రహ్తా బేటా" అంది. ఉర్దూ రాని ఆ పిల్లాడికి నేను తర్జుమా చేయబోయాను. వాడికి ముందే అర్థమైంది.

ఇంకో సంగతికి నేను ఖంగుతిన్నాను. మా ఖాందాన్‌లో తెలుగు చదివిన మొదటివాణ్ని నేనేనని నా గురూర్. పదో తరగతి దాకా అలిఫ్ బే తప్ప అఆలు సరిగ్గా పట్టుబడనివాణ్ని నరసరావుపేటలో తెలుగు సాహిత్యం తీసుకుంటే, "ఉర్దూ స్కూలోడికి తెలుగేంట్రా" అన్నారు అందరూ. ఫుప్పు మాత్రం ఏమీ అనకుండా ఫీజుకి డబ్బులిచ్చింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. సాగర్ గుడిసెల్లో పక్కింటి ఒక తల్లి ఆమెకి తెలుగు నేర్పింది. రాయడం కాదు, మాట్లాడటం, కూలి లెక్క చెప్పడం, తట్ట ఎత్తుకునేటప్పుడు పాడే పాట. ఆ పాట ఫుప్పు పాడింది. అరవై ఏళ్ల తర్వాత, పళ్లు లేని నోటితో. మా ఇంట్లోకి తెలుగు నా డిగ్రీ కన్నా ముందే, తట్టలో వచ్చింది.

ఇలాంటివి లోకంలో వేరేచోట్ల పిల్లలు ఎప్పుడో మొదలుపెట్టారు. 1966లో అమెరికా జార్జియా రాష్ట్రంలో ఒక కొండప్రాంతపు బడి పిల్లలు ఊరి ముసలివాళ్ల దగ్గరికెళ్లి సబ్బు ఎలా వండేవారో, దుంగల ఇల్లు ఎలా కట్టేవారో అడిగి 'ఫాక్స్‌ఫైర్' అని పత్రిక తెచ్చారు. అదింకా బతికే ఉంది. మన తెలుగులో 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు, వాళ్ల నోటితోనే. అసలు ఈ ఇల్మ్ మనకి కొత్తా? హదీసు చెప్పేముందు ఆలిములు సనద్ చెబుతారు, ఎవరు ఎవరి దగ్గర విన్నారో వరసగా. ఒక్క రావీ మీద భరోసా లేకపోయినా రివాయత్ జయీఫ్ అవుతుంది. అంత ఏహతియాత్ ఉన్న ఉమ్మత్ మనది. మరి మన పర్‌దాదా పేరేంటని పిల్లలడిగితే నీళ్లు నములుతాం.

ఒక మాట పిల్లలకి చెప్పాను, మీకూ చెబుతాను. "మీ జిందగీ గురించి చెప్పండి" అని అడగొద్దు. "క్యా బోలూఁ, అల్లా కా షుకర్" అని ముగించేస్తారు. బావి ఎక్కడుండేది, నీళ్లెవరు మోసేవారు, రంజాన్‌లో సహరీకి ఎవరు లేపేవారు, ఈద్‌కి బట్టలు ఎవరు కుట్టారు అని అడగండి. అక్కణ్ణుంచి వాళ్లే మాట్లాడతారు. మధ్యలో మాట ఆగితే ఆగనివ్వండి, మీరు నింపొద్దు. ఈ ఆఖరిది నాకే సరిగ్గా రాదు.

అసర్ దగ్గర పడుతుండగా ఫుప్పు ఒకచోట ఆగింది. పాన్‌దాన్ మూత వేసింది. "ఫోన్ బంద్ కరో" అంది. బంద్ చేశారు. తర్వాత నా వైపు తిరిగింది. "తూ భీ బాహర్ జా. నువ్వు అఖ్బారోడివి."

వెళ్లాను. అరుగు మీద పావుగంట కూర్చున్నాను. లోపల్నుంచి ఆమె గొంతు సన్నగా వినిపించింది, మాటలు కాదు. పిల్లలు బయటికొచ్చేసరికి ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. మా భాంజీని పక్కకి పిలిచి అడిగాను. చెప్పలేదు. మళ్లీ అడిగాను, కాస్త గట్టిగానే. "అమానత్ మామూ" అంది. నాకు కోపం వచ్చింది, నిజం దాచుకోను. పత్రికల్లో పనిచేసేవాడికి మూసిన తలుపంటే అదొక రకం దురద. కానీ ఇంటికెళ్తుంటే గుర్తొచ్చింది. అబ్బా ఉన్నన్నాళ్లూ నేను ఆయన్ని ఏమీ అడగలేదు. నా ఫోన్‌లో ఆయన గొంతు నలభై సెకన్లు ఉంది. షుగర్ గోలీలు తెమ్మని పెట్టిన వాయిస్ మెసేజ్. అడగనివాడికి చెప్పలేదని అలిగే హక్కెక్కడిది?

జుమ్మా రోజు మళ్లీ వెళ్లాను, రికార్డర్ లేకుండా. పాయా తిన్నాం. సాగర్ పక్కింటి తల్లి పేరు అడిగితే చెప్పింది. ఇంకేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

భాంజీ ఫారం అక్కడే మంచం మీద ఉంది, ఇంకా కాలేజీలో ఇవ్వలేదు. వృత్తి అన్న గడిలో 'గృహిణి' అని రాసి ఉంది. అంటే ఏమని అడిగింది ఫుప్పు. ఘర్‌వాలీ అని చెప్పాను. "మిటాదే" అంది. భాంజీ కొట్టేసి, గడి చాలక పక్క మార్జిన్‌లోకి రాసింది: సాగర్ డ్యామ్‌కి మాలు మోసింది, ఐదేళ్లు.