ఊరి కబురు మోసేటోళ్లు



ఈ వారం మా ఊరి ఎండాకాలం గురించి రాస్త. ఆర్మూర్ దాటి మెట్‌పల్లి దిక్కు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద కమ్మర్‌పల్లి మండల కేంద్రం. పసుపు పరిశోధన కేంద్రం మా దగ్గరే ఉంది కాబట్టి వ్యవసాయం చదివినోళ్లకు పేరు తెలిసే ఉంటది. మిగిలినోళ్లు బస్సు కిటికీలోంచి చూసి ఉంటరు, కళ్లాల్లో ఆరబోసిన పసుపును, దాని మీద వంగి పనిచేస్తున్న ఆడోళ్లను.

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఊరంతా పసుపు వాసనే. తవ్వుడు, కాడి వేరు గోళ వేరు చేసుడు, ఉడకబెట్టుడు, ఎండబెట్టుడు, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలుడు. క్వింటాలు ధర రోజూ పేపర్ల వస్తది. 2019 పార్లమెంటు ఎన్నికల్లో రైతులు కడుపు మండి నామినేషన్లు వేస్తే నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచిండ్రు, దేశమంతా మా దిక్కు చూసింది. 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలైంది. అదీ పెద్ద వార్తే. కాడి విరిచే మా వాడ ఆడోళ్ల రోజు కూలి ఎంతో మాత్రం నేను ఏ మొదటి పేజీలోనూ చదవలేదు. పసుపు అయిపోతే వాళ్లకు ఉపాధి హామీ పని. ఏడాదంతా ఒళ్లె బీడీల చాట ఎట్లాగూ ఉంటది.

ఊళ్లో ఏది వార్త అయితది, దాన్ని ఎవరు మోస్తరు అనేది నాకు చిన్నప్పటి సంగతి. మా తాత డప్పు సాటేటోడు. చెరువు తూము ఎప్పుడు ఇప్పుతరో, పన్ను ఎప్పటిలోగ కట్టాల్నో, ఎవరి బర్రె బందెల దొడ్లె పడ్డదో, అన్నీ ఆయన నోటెంటే ఊరికి తెలిసేది. పెద్ద ఇండ్లల్ల ఎవరన్న సస్తే చుట్టాలున్న ఊళ్లకు నడిచిపోయి చెప్పి రావాలె. రాత్రయినా, మే నెల మిట్ట మధ్యాహ్నమైనా పోవాల్సిందే. కోతలప్పుడు ఇన్ని గింజలు పెట్టేటోళ్లు. మా వాడల చావుకు సాటింపు లేదు. డప్పు మోగిందంటే మాలో ఎవరో పోయిండ్రని తెలుసుకునుడే.

ఊరు అంటరానోళ్ల మీద రుద్దిన పనుల జాబితాను అంబేద్కర్ ఒకచోట రాసిండు. పై కులాల ఇండ్లల్ల చావు, పెళ్లి కబుర్లను ఎంత దూరమైనా చుట్టాలకు చేరవేసుడు అండ్ల ఒకటి. పీజీలో అది చదువుతుంటే నాకు మా తాత మడిమల పగుళ్లు కనపడ్డయి. మన కవిత్వంలో డప్పు అంటే ధిక్కారం. క్లాసులో నేనూ అట్లనే చెప్త, అది నిజం కూడా. కానీ మా తాత డప్పు బతికినన్ని రోజులు ఎక్కువగ వేరేటోళ్ల హుకుమే మోసింది. అదీ నిజమే, దాన్ని పాఠంల నుంచి తీసెయ్యలేం.

ఇప్పుడు హుకుం ఎవరిది? మా నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ దిక్కు పిల్లలకు చెప్పే పని లేదు, మిగతా జిల్లాలోళ్లకు చెప్పాలె. గ్రామాభివృద్ధి కమిటీ, వీడీసీ. కులానికి ఇంత మంది అని పెద్దమనుషులను పెట్టుకుంటరు. ఎన్నిక లేదు. బెల్టు షాపు మొదలుకొని కోడికూర దాకా ఊళ్లో ఎవరు అమ్మాల్నో వేలం పాట పెడ్తరు. ఆ పైసలతో గుడి కట్టిన ఊళ్లున్నయి, బడికి గదులేసిన ఊళ్లూ ఉన్నయి. కాదనను. అదే కమిటీ పంచాయితీ చెప్తది, దండుగ వేస్తది, మాట వినకపోతే బహిష్కరణ పెడ్తది. 73వ సవరణ అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24 నుంచి సర్పంచ్ కుర్చీలో మనకు రిజర్వేషన్ ఉంది. కానీ చాలా ఊళ్లల్ల మాట చెల్లేది ఆ కుర్చీది కాదు.

రెండేండ్ల కింద ఏప్రిల్‌ల నా స్టూడెంటు ఒకాయన ఫోన్ చేసిండు. ఊరి పేరు రాయను, ఆ వాడ ఇంకా అక్కడే బతకాలె. జయంతికి నీలి జెండా గద్దె ఎక్కడ కట్టాలె అనే దగ్గర మాట మాట పెరిగి వాడ మొత్తాన్ని బంద్ పెట్టిండ్రు. కిరాణం సామాను ఇయ్యొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, పసుపు పనికి పిలువొద్దు, మాట్లాడినోళ్లకు దండుగ. పసుపు కూలి మీదనే నాలుగు నెలలు గడిచే ఇండ్లు. ఎండాకాలం నడుమ ఆ కూలి ఆపుడంటే నోటికాడి కూడు గుంజుకున్నట్టే.

నేను పోయేసరికి సాటింపు అయిపోయింది. సాటినాయన ఆ వాడ మనిషే, అరవై దాటినయి. పెద్దనాయనా అని పక్కన కూసున్న. చానసేపు ఏం మాట్లాడలే.

"మా ఇంటి ముంగట నిలబడి నేనే సాటిన బిడ్డా," అన్నడు. "మీ పెద్దమ్మ తలుపేసుకుంది."

"సాటనంటే ఏమయ్యేది పెద్దనాయనా?"

"ఏమయితది? ఇంకోన్ని పిలుస్తరు. నాకు దండుగ పడ్తది. ఆ ఇంకోడు కూడ మనోడే కదరా."

అధికారులు వచ్చి ఇరుపక్షాలను కూసోబెట్టి రాజీ చేసిండ్రు. రాజీ అంటే తప్పు ఇద్దరిదీ అని కాయితం మీద రాసుకునుడు. కేసు కాలేదు. "బహిష్కరణ అని సాక్ష్యమేది?" అంటే చూపించనీకి ఏం లేదు. డప్పు మోత గాలిల కలిసిపోయింది.

మొన్న అదే పిలగాడు ఒక సంగతి చెప్పిండు. ఇప్పుడు వాళ్ల దిక్కు హుకుములు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌గ వస్తున్నయట. నాకైతే ఇది మనకు పనికొచ్చే మార్పే అనిపించింది. గొంతు ఉంటది, తారీఖు ఉంటది, టైము ఉంటది. కాబట్టి తమ్మీ, అటువంటిది వస్తే కోపంతో గ్రూపులోంచి బయటికి రాకు. దాన్ని దాచు, ఇంకో ఇద్దరికి పంపి పెట్టు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్ల ఉంది. సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టుడే కాదు, పెడ్తమని బెదిరించుడు కూడ నేరం. 2018లో చేర్చిన 18-ఎ ప్రకారం ఎఫ్ఐఆర్ రాయనీకి ముందుగ ప్రాథమిక విచారణ అక్కరలేదు. స్టేషన్ల "ఎంక్వయిరీ చేసి చూస్తం" అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి. 14566 జాతీయ హెల్ప్‌లైన్, ఫిర్యాదు అండ్ల కూడ నమోదు చేయించొచ్చు.

ఇంకో మాట. కమిటీలు బంద్ పెట్టేది మనల్నే కాదు. చాకలోళ్లను, గౌండ్లోళ్లను, ముదిరాజులను పెట్టిన ఊళ్లూ ఉన్నయి. వాళ్లకు ఈ చట్టం వర్తించదు. గోదావరి అవతల మహారాష్ట్రల సాంఘిక బహిష్కరణ మీద 2016లో వేరే చట్టం చేసిండ్రు, కులమేదైనా బాధితులకు రక్షణ ఉంది. అటువంటిది తెలంగాణల అడగాల్సిన ముందు వరుస మనదే. బీసీ అన్నలు మనతో వస్తరా అని అడిగేటోళ్లుంటరు. బంద్‌ల పడ్డ గౌండ్ల ఇంటికి నీళ్ల బిందె తీస్కపోయిన మా వాడ ఆడోళ్లు ఆ ప్రశ్న అడగలే.

ఈ సెలవులల్ల మీ నుంచి నాకు ఒక నోటుబుక్కు కావాలె. పొద్దుగూకినంక మీ వాడల కూసోని రాయండి. పసుపు కూలి ఆడోళ్లకు ఎంత, మొగోళ్లకు ఎంత. వెయ్యి బీడీలకు చేతికి వచ్చేదెంత. గల్ఫ్‌ల ఎవరున్నరు, ఎవరి పెట్టె వచ్చింది. కిందటి వేలం పాటలో ఏది ఎంతకు పోయింది, ఆ పైసల లెక్క ఎవరి దగ్గరుంది. గ్రామసభ ఎప్పుడు జరిగింది, దాన్ని మీ వాడలకు వచ్చి సాటిండ్రా లేదా. జూన్‌ల బడులు తెరిసేలోపు పంపితే మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మార్చి ఇక్కడనే వరుసగ వేస్త. మొదటిది ఆ పెద్దనాయన వాడ నుంచి వచ్చింది, మనుమరాలు రాసింది. వచ్చే ఆదివారం అదే.