మెట్లమీది మాట

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైన గులాబిరంగు రాతి కట్టడం. చూడవచ్చిన యాత్రికులు దాని శిల్పాన్ని మెచ్చుకుంటారు. సాయంకాలం ఆ మెట్లమీద కూర్చునే విద్యార్థుల ముచ్చట వేరు: ఆనాటి పాఠంలో తమకు బోధపడినదెంత?

తెలుగు మాధ్యమంలో డిగ్రీ ముగించి పల్లెనుండి వచ్చినవారు ఎం.ఏ. తరగతిలో మొదటి నెలలన్నీ తల వంచుకొని రాసుకుంటూనే ఉంటారు. తెలివి చాలక కాదు. సందేహం తెలుగులో పుడుతుంది; దానిని ఇంగ్లీషులో అమర్చుకొనేలోగా పాఠం ముందుకు సాగిపోతుంది. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న జంకు ఒకటి! రాత్రి హాస్టలు గదిలో పై తరగతి అన్న ఒకడు అదే పాఠాన్ని పది నిమిషాలలో తెలుగులో విప్పి చెబుతాడు. అసలు తరగతి అదేనని వారిలో చాలామంది అంటారు.

విడ్డూరమేమంటే, 1918లో ఈ విశ్వవిద్యాలయం నెలకొన్నదే దేశభాషలో ఉన్నత విద్య గరపడానికి. అందుకై ముందు సంవత్సరమే అనువాద శాఖను స్థాపించి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. వైద్యాన్ని సైతం ఉర్దూలోనే బోధించారు. తెలుగు ఇంటి బిడ్డకు అదీ పరాయి భాషే, ఆ మాట దాచనక్కరలేదు. హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిన పిమ్మట ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. తెలుగు వంతు తరువాత వచ్చినా, పై చదువులలో అది అరకొరగానే సాగింది.

హాస్టలు గదిలోని అన్న ఒక్కొక్కప్పుడు తగిన తెలుగు మాట దొరకక గాలిలో వేలితో బొమ్మ గీస్తాడు. మర్నాడు తరగతిలో లేచి అడగమని కూడా చెబుతాడు. తాను అక్కడ ఎన్నడూ అడిగి ఎరుగడు.