నెలకు ఐదు వందల కంప్యూటర్

2017 ఆఖర్లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ బిల్లు నా దగ్గర ఇంకా ఉంది. ఐ3-7100 ప్రాసెసర్, హెచ్110 బోర్డు, 4 జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్ డిస్క్, మానిటర్, క్యాబినెట్, యూపీఎస్ అన్నీ కలిపి సుమారు 30 వేలు. విండోస్ రిటైల్ లైసెన్సు మరో 8 వేలు. మొత్తం 38 వేలు. హనుమకొండలో ఇంటి దగ్గరే ఉండి అనువాదాలు, పుస్తకాల డీటీపీ చేసుకునే నాకు అదే జీవనాధారం. అందుకే ఆ తర్వాత దాని మీద పెట్టిన ప్రతి రూపాయినీ ఆ బిల్లు వెనకే రాస్తూ వచ్చాను. ఆ లెక్కల వల్ల నాకొక అభిప్రాయం స్థిరపడింది. కంప్యూటర్ వయసు చూసి డబ్బు పెట్టకూడదు. పని ఎక్కడ ఆగుతోందో చూసి, అక్కడ మాత్రమే పెట్టాలి.

నాలుగేళ్లు బాగానే నడిచింది. 2021 వచ్చేసరికి ఉదయం స్విచ్ వేసి, వంటింట్లో పని చూసుకుని వచ్చినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూ ఉండేది. పక్క గదిలో మా అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసులు, ఇటు నాకు ప్రచురణకర్తల గడువులు. "ప్రాసెసర్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అని అడిగిన ప్రతివాళ్లూ చెప్పారు. కొనే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట ముఖ్యంగా నాలుగు గీతలు చూడాలి: ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్. నా మామూలు పని చేసుకుంటూ వాటినే గమనించాను. ప్రాసెసర్ 20, 30 శాతం దాటడం లేదు. డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంది. మెమరీ కూడా దాదాపు నిండిపోయింది.

దీని వెనక సంగతి తెలుసుకుంటే డబ్బు ఎటు పోవాలో తేలిపోతుంది. హార్డ్ డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే, ఒక చిన్న ముల్లు అటూ ఇటూ జరుగుతూ సమాచారం వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకు సెకనులో నూరో వంతు అటూఇటూగా పడుతుంది. అది తక్కువే అనిపిస్తుంది కానీ, విండోస్ మొదలవడానికి వేల చిన్న ఫైళ్లు కావాలి. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు, కాబట్టి అదే వెతుకులాట వంద రెట్లు వేగంగా అయిపోతుంది. ఇక ర్యామ్ నిండితే మిగిలినదాన్ని విండోస్ డిస్క్ మీదే తాత్కాలికంగా రాసిపెడుతుంది. అంటే ర్యామ్ కొరత కూడా చివరికి డిస్క్ నెత్తినే పడుతుంది. ఆ స్థితిలో ఎంత గొప్ప ప్రాసెసర్ తెచ్చిపెట్టినా అది కూడా డిస్క్ కోసం ఎదురు చూస్తూ కూర్చోవాల్సిందే.

480 జీబీ ఎస్ఎస్‌డీ, ఒక 8 జీబీ ర్యామ్ కొన్నాను. రెండూ కలిసి 7 వేలు. కొత్త కంప్యూటర్‌కు నాకు చెప్పిన ధరలో అది ఆరో వంతు కూడా కాదు. పాత 4 జీబీ పక్కనే కొత్త 8 జీబీ పెడితే రెండూ తక్కువ వేగం ఉన్నదాని వేగంతోనే నడుస్తాయి. దానివల్ల నా పనికి ఏ ఇబ్బందీ రాలేదు. మధ్యలో యూపీఎస్ బ్యాటరీ రెండుసార్లు మార్చాను, ఆ ఖర్చు 2 వేలు. ఆ మార్పులతో కంప్యూటర్ ఇంకో నాలుగేళ్లు నిలిచింది.

ఇదంతా కలిపితే ఎనిమిదేళ్లకు 47 వేలు. నెలకు 490 రూపాయలు. ఈ సంఖ్యను నేను చాలా విలువైనదిగా చూస్తాను. 47 వేలు అనగానే భయం వేస్తుంది, నెలకు 490 అనుకుంటే నిదానంగా ఆలోచించగలం. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్‌కు ఏటా మిగిలిన విలువ మీద 40 శాతం తరుగుదల చూపిస్తారు. ఆ లెక్కన నా 38 వేల వస్తువు మూడేళ్లకే కాగితం మీద 8 వేల పైచిలుకు మిగులుతుంది. కాగితం మీద అంత పడిపోయిన వస్తువు నాకు ఇంకో అయిదేళ్లు అన్నం పెట్టింది.

2021లోనే ఈ ఎనిమిదేళ్ల అంచనా వేసుకుని, నెలకు 500 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. దాన్ని పిల్లాడి ఫీజుకూ, పండగకూ తీయకూడదని ఇంట్లో ముందే అనుకున్నాం. మావారు దానికి కంప్యూటర్ చిట్టీ అని పేరు పెట్టారు. 2025 నాటికి అసలే 24 వేలు చేరింది.

ఆ డబ్బు అవసరం కూడా అదే ఏడాది వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది ఉండాలి. నాది ఏడో తరం. ఒక్క తరం తేడాతో, చక్కగా పనిచేస్తున్న యంత్రం బయటికి వెళ్లాల్సిన పరిస్థితి వచ్చింది. ఇది నాకు బాధగానే ఉంది. ఇలాంటి కంప్యూటర్లు మన చిన్న ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే ఇంకా బాధ వేస్తుంది.

నా ముందు కొన్ని దారులున్నాయి. భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగించుకునే వీలును మైక్రోసాఫ్టే ఇచ్చింది. వెంటనే డబ్బు సర్దలేనివాళ్లకు అది మంచి వెసులుబాటు. లైనక్స్ మింట్ ఉచితం, పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుంది. బ్రౌజరు, యూనికోడ్ తెలుగు, ఉత్తరాలు, లెక్కలు చాలనుకునేవాళ్లు కొత్తగా రూపాయి కూడా పెట్టకుండా దాంట్లోకి మారొచ్చు, మారమనే చెబుతాను. నాకు అది కుదరలేదు. నాకు పని ఇచ్చే ప్రచురణకర్తల్లో కొందరు ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లోనే ఫైలు అడుగుతారు. 2001లో వచ్చిన ఏడో వెర్షనుతో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. అయినా తెలుగు అచ్చు రంగం దాన్ని వదల్లేదు, దాంతో నేనూ విండోస్ వదల్లేను. అడ్డదారిలో పాత ప్రాసెసర్ మీదే విండోస్ 11 ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ఇతరుల రాతప్రతులూ, నా బ్యాంకు పనులూ ఉన్న యంత్రం మీద ఆ సాహసం చేయదలచుకోలేదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. సీటీసీ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. ఒక షాపులో మొత్తం కొత్త సిస్టమ్‌కు 48 వేలు రాసిచ్చారు. డీడీఆర్5 ర్యామ్, కొత్త ఎస్ఎస్‌డీ, కొత్త మానిటర్, అన్నీ ఉన్నాయి అందులో. ఆ చీటీ పట్టుకుని ఒక్కో వరుస కొట్టేస్తూ వచ్చాను. మానిటర్ బాగానే ఉంది. ఎస్ఎస్‌డీ బాగానే ఉంది. క్యాబినెట్‌కు ఏ లోటూ లేదు. మారాల్సింది ప్రాసెసర్, దానితో పాటు బోర్డు. ఎందుకంటే నా బోర్డు ఆరు, ఏడు తరాలకే పనికొస్తుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్ చూడ్డానికి అదే సాకెట్‌లో కూర్చునేలా ఉంటుంది కానీ పనిచేయదు.

అసలు డబ్బు మిగిలింది ర్యామ్ దగ్గర. నా దగ్గరున్న డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 స్లాటులో పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. ఇంటెల్ పన్నెండో తరం ప్రాసెసర్లు మాత్రం రెండింటితోనూ పనిచేస్తాయి, ఏది కావాలన్నది బోర్డును బట్టి ఉంటుంది. అందుకే ఆ తరం ఐ3-12100 ప్రాసెసర్, దానికి డీడీఆర్4 స్లాట్లున్న హెచ్610 బోర్డు అడిగాను. "పాత టెక్నాలజీ ఎందుకు మేడమ్, డీడీఆర్5 తీసుకోండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. చిప్పుల కంపెనీలు కృత్రిమ మేధ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు మొగ్గడంతో ఇళ్లలో వాడే ర్యామ్‌కు కొరత వచ్చింది. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ అయితే క్రూషియల్ పేరుతో సాగే తన వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ధరల్లో నా దగ్గరున్న 12 జీబీని పక్కన పడేసి కొత్తది కొనడానికి నాకు కారణమేదీ కనిపించలేదు.

ఇంకో షాపులో అదే ఐ3-12100 తక్కువ ధరకు వస్తుందన్నారు. చీటీ చూస్తే చివర ఒక ఎఫ్ ఉంది. ఇంటెల్‌లో ఆ ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవని అర్థం. దాన్ని ఇంటికి తెచ్చి బిగిస్తే తెర మీద ఏమీ రాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సి వస్తుంది. ఆటలు ఆడేవాళ్లు ఎలాగూ కార్డు కొంటారు కాబట్టి వాళ్లకు అది లాభం. నాలాంటి వాళ్లకు నష్టం. బిల్లు మీద మోడల్ నంబరు చివరి అక్షరం దాకా చదవనిదే డబ్బు ఇవ్వకండి.

చివరికి ఐ3-12100కు 10,500, బోర్డుకు 6,300, 80 ప్లస్ ముద్ర ఉన్న 450 వాట్ల పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్‌కు 3,200 అయ్యాయి. మొత్తం 20 వేలు. పాత బోర్డు, ప్రాసెసర్ జతకు అక్కడే రెండు వేలిచ్చారు. 2017లో కొన్నది రిటైల్ లైసెన్సు కాబట్టి బోర్డు మారినా నా మైక్రోసాఫ్ట్ ఖాతా ద్వారా కొత్తదానికి మారిపోయింది. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సయితే ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది. బోర్డు మార్చాలనుకునేవాళ్లు కొత్త లైసెన్సు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎస్ఎంపీఎస్ పాడవలేదు కదా, ఎందుకు మార్చానని అడగవచ్చు. పొదుపు చేయకూడని చోట్లలో అదొకటి అని నా నమ్మకం. తక్కువ ధర క్యాబినెట్లతో వచ్చేవాటి మీద వాట్లు ఎంత రాసి ఉన్నా నమ్మడానికి లేదు. వేసవిలో మా వీధిలో ఓల్టేజీ తెగ ఊగుతుంది. ఎస్ఎంపీఎస్ చెడిపోయేటప్పుడు ఒక్కోసారి బోర్డునూ వెంట తీసుకుపోతుంది. 17 వేల సరుకును కాపాడటానికి 3 వేలు ఎక్కువేం కాదు. బ్యాకప్ కూడా అంతే. పాత హార్డ్ డిస్క్‌ను రెండో డిస్క్‌గా లోపలే ఉంచాను కానీ ఎనిమిదేళ్ల డిస్క్‌ను ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రాతప్రతుల ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఉంటుంది. అక్షరాల ఫైళ్లకు అది ధారాళంగా సరిపోతుంది.

48 వేల సిస్టమ్‌ను నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామని కూడా షాపులో చెప్పారు. క్రెడిట్ కార్డు వాయిదాల్లో వడ్డీని ధరలో తగ్గింపుగా చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీని వడ్డీగానే వేసి దాని మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తుంది. 16 శాతం వడ్డీతో ఏడాది వాయిదాలనుకుంటే ఆ జీఎస్టీయే దాదాపు 700. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. నగదుకు దొరికే తగ్గింపు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అవసరం లేని 28 వేల సరుకు కొనడానికి అది ధైర్యం ఇస్తుంది.

డిపాజిట్ తీసి 20 వేలు కట్టేశాక, వచ్చే విడత కోసం పోస్టాఫీసులో అయిదేళ్ల ఆర్‌డీ మొదలుపెట్టాను. నేను చేరినప్పుడు వడ్డీ 6.7 శాతం. నెలకు 500 కడితే అయిదేళ్లకు 35,600 పైచిలుకు చేతికి వస్తుంది. మూడేళ్లు నిండాక ముందే మూయొచ్చు కానీ అప్పుడు పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. అందుకే, కొనాల్సి వచ్చాక కాకుండా, కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. మీ ఇంట్లోనూ ఒక పాత కంప్యూటర్ ఉంటే ఈ వారంలో దాని బిల్లు వెతికి నెల ఖర్చు లెక్క కట్టండి. టాస్క్ మేనేజర్‌లో నిండిపోయిన గీత ఏదో చూసుకుని, ఆ ఒక్క భాగం పేరు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి.